నూనె కాని నూనె: ఉష్ణవిచ్ఛేదన ద్రవాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పంట వ్యర్థాలను, ప్లాస్టిక్కును గాలి తగలకుండా వేడిచేసి ద్రవ ఇంధనం తీసే పైరాలిసిస్ ప్రక్రియను నేటి ఆవిష్కరణగా పరిచయం చేయడం పరిపాటి అయింది. వాస్తవానికి ఇది పాత విద్య. ఇలా పుట్టిన ద్రవానికి గతంలో కనీసం రెండుసార్లు మంచి మార్కెట్టు ఏర్పడింది. రెండుసార్లూ చౌకైన పోటీ సరుకు దానిని తుడిచిపెట్టింది. ఆ చరిత్రను, మొక్కల నుంచి వచ్చే ద్రవాన్నీ ప్లాస్టిక్కు నుంచి వచ్చే ద్రవాన్నీ ‘నూనె’ అనే ఒకే పేరుతో పిలవడం వల్ల కలిగిన చిక్కునూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఉష్ణవిచ్ఛేదనం, జీవతైలం, కట్టెబొగ్గు, పాతాళయంత్రం, భద్రావతి, ప్లాస్టిక్ వ్యర్థాలు, సహవిచ్ఛేదనం, పారిభాషిక పదం.

1. ఉపోద్ఘాతం

తెలుగులో ‘నూనె’ అన్న మాట నువ్వుల నుంచి వచ్చిందని నిఘంటుకారులు, భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. నువ్వుల నెయ్యి నూనె అయింది. సంస్కృతంలోని ‘తైలం’ కథ కూడా ఇదే. తిల అంటే నువ్వు, దాని నుంచి తీసినది తైలం. అంటే మనం వాడే రెండు మాటలూ మొదట ఒకే గింజకు చెందినవి. తరువాత వేరుశనగకు, ఆముదానికి, కొబ్బరికి విస్తరించాయి. పందొమ్మిదో శతాబ్ది చివర సీమ నుంచి డబ్బాల్లో దిగిన దీపపు ద్రవానికి కోస్తాలో కిరసనాయిలు అని, తెలంగాణలో గాసునూనె అని పేర్లు స్థిరపడ్డాయి. గింజతో ఏ సంబంధమూ లేకపోయినా అది దీపంలో వెలిగింది, నీటిలో కలవలేదు, వేలికి జిడ్డుగా తగిలింది. కాబట్టి నూనె అనిపించుకోవడానికి దానికి అర్హత ఉంది.

ఇప్పుడు పత్తికట్టె, వరిగడ్డి, ఊక, ప్లాస్టిక్ సంచుల నుంచి తీసే ద్రవాన్ని కూడా అదే వరుసలో ‘జీవతైలం’, ‘ప్లాస్టిక్ నూనె’ అంటున్నాము. ప్రక్రియ పేరు పైరాలిసిస్. గ్రీకులో నిప్పు, విడదీయడం అనే అర్థాలున్న రెండు మాటల కలయిక ఇది. తెలుగులో ఉష్ణవిచ్ఛేదనం అనవచ్చు. సేంద్రియ పదార్థాన్ని మూసిన పాత్రలో, ఆక్సిజన్ అందకుండా, సాధారణంగా 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేస్తే అది మండదు. దానిలోని పొడవైన అణువులు తెగిపోతాయి. అడుగున బొగ్గు మిగులుతుంది. పైకి లేచిన ఆవిరిలో చల్లబరిస్తే ద్రవమయ్యే భాగం కొంత, వాయువుగానే ఉండిపోయే భాగం కొంత ఉంటుంది. ఈ ద్రవభాగమే ఈ వ్యాసానికి విషయం. దానికి నూనె అన్న పేరు ఎలా వచ్చింది, ఆ పేరు ఎంతవరకు చెల్లుతుంది, ఆ పేరును నమ్మి పెట్టిన పెట్టుబడులు ఏమయ్యాయి అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

2. బట్టీ పొగ, పాతాళయంత్రం

బొగ్గుబట్టీ కాల్చేవారిని చూసినవారికి ఉష్ణవిచ్ఛేదనాన్ని కొత్తగా వివరించనక్కరలేదు. సర్కారు తుమ్మ మోడులను పేర్చి, ఆకులూ అలములూ కప్పి, పైన మట్టి మెత్తి, ఒక మూల నిప్పు పెట్టి, గాలి రంధ్రాలను ఒక్కొక్కటిగా మూసివేస్తారు. కొన్ని రోజులు తెల్లగా, పసుపుగా, చివరకు పలుచటి నీలిరంగులో పొగ వస్తుంది. బొగ్గు కాల్చేవాడు ఆ పొగ రంగు చూసి లోపల పని ఎంతవరకు వచ్చిందో చెబుతాడు. అతనికి కావలసింది బొగ్గు. మట్టిబట్టీలో పెట్టిన కట్టె బరువులో 15 నుంచి 25 శాతమే బొగ్గుగా దక్కుతుంది. మిగిలినదంతా కళ్లు మండించి గాలిలో కలిసిపోతుంది. నేటి పరిశోధకుడు జీవతైలం అని పిలిచేది ఆ పొగలోని ఘాటైన పసుపు భాగాన్నే.

మన రసశాస్త్ర గ్రంథాలలో కనిపించే పాతాళయంత్రం ఆ పొగను పట్టుకునే ఉపాయం. అడుగున రంధ్రం ఉన్న కుండలో ద్రవ్యాన్ని నింపి, మూతికి మట్టిగుడ్డ చుట్టి, దాని కింద గుంతలో మరొక పాత్రను అమర్చి, పై కుండ చుట్టూ పిడకలు పేర్చి కాలుస్తారు. పైన వేడి, కింద చల్లని నేల. ద్రవం కిందికి కారుతుంది. నల్లజీడి గింజల నుంచి భల్లాతక తైలం తీయడానికీ, కొబ్బరిచిప్పల నుంచి చర్మవ్యాధులకు వాడే నల్లటి తైలం తీయడానికీ ఈ యంత్రమే ఆధారం.

ఈ రెండు ఉదాహరణలూ ఒకటి కావు. నల్లజీడి పెంకులో రసం ముందే ఉంది. వేడి దానిని బయటికి కార్చింది అంతే. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టడానికి వాడింది ఆ రసాన్నే. కొబ్బరిచిప్పలో మాత్రం నూనె లేదు. ఎంత నలగ్గొట్టినా, గానుగలో వేసినా చుక్క రాదు. చిప్పలోని లిగ్నిన్, సెల్యులోజు వేడికి తెగి, అంతకుముందు లేని ఫినాలులూ ఆమ్లాలూ పుట్టి చుక్కలుగా రాలాయి. మొదటిది ఉన్నదానిని వేరుచేయడం, రెండవది లేనిదానిని పుట్టించడం. యంత్రం ఒకటే కావడం వల్ల, కారిన రెండింటికీ తైలమనే పేరు వచ్చింది. పేరు గురించిన గందరగోళానికి మనదేశంలో మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

యూరపులో ఇదే ద్రవానికి వేరే పేరు దొరికింది. పదిహేడో శతాబ్దిలో జర్మన్ రసాయనజ్ఞుడు యోహాన్ రుడోల్ఫ్ గ్లౌబర్ కట్టెను బట్టీపెట్టగా వచ్చిన ద్రవంలో పుల్లని భాగం వెనిగర్‌ను పోలి ఉందని గుర్తించాడు. రాబర్ట్ బాయిల్ 1661 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో ఆ పుల్లని ద్రవం నుంచి ఆమ్లం కాని మరొక స్పిరిటును వేరుచేయవచ్చని రాశాడు. నేడు మిథనాల్ అంటున్నది అదే. గమనించవలసినదేమంటే వారు దీనిని నూనె అనలేదు. కట్టె వెనిగర్, కట్టె స్పిరిటు అన్నారు. అడుగున పేరుకున్న చిక్కటి నల్లటి భాగాన్ని తారు అన్నారు. మూడు పేర్లూ ఉన్నదానిని ఉన్నట్టుగా చెప్పినవే.

3. కిరసనాయిలు పుట్టినచోటు

ఉష్ణవిచ్ఛేదనం నిజంగా నూనె అనదగిన ద్రవాన్ని ఇచ్చిన సందర్భం పందొమ్మిదో శతాబ్ది మధ్యలో వచ్చింది. దానికి ముడిపదార్థం చెట్టు కాదు, భూమి కింద కోట్ల సంవత్సరాలు నలిగి ఆక్సిజన్ పోగొట్టుకున్న చెట్టు. స్కాట్లాండులో జేమ్స్ యంగ్ 1850లో పేటెంటు పొంది, బొగ్గును తక్కువ ఉష్ణోగ్రత వద్ద బట్టీపెట్టి పారఫిన్ నూనె తీశాడు. కెనడాకు చెందిన అబ్రహాం గెస్నర్ బొగ్గు, తారుజాతి ఖనిజాల నుంచి దీపానికి పనికివచ్చే ద్రవం తీసి కిరోసిన్ అని పేరుపెట్టాడు. 1854లో అమెరికా పేటెంటు పొందాడు. ఆ రోజుల్లో దానికి వాడుక పేరు బొగ్గునూనె. అమెరికా తూర్పుతీరంలో బొగ్గునూనె కర్మాగారాలు పదులకొద్దీ వెలిశాయి.

1859లో పెన్సిల్వేనియాలో ఎడ్విన్ డ్రేక్ బావి తవ్వాడు. భూమిలోంచి తయారుగా ఉబికి వచ్చే ద్రవం ముందు బొగ్గును తవ్వి, మోసి, బట్టీపెట్టి తీసే ద్రవం నిలవలేదు. కొద్ది సంవత్సరాలలోనే బొగ్గునూనె కర్మాగారాలు పెట్రోలియం శుద్ధి కర్మాగారాలుగా మారిపోయాయి. పాత్రలు అవే, పనివారు వారే, పేరు కూడా అదే. కిరోసిన్ అనే పేరు పెట్రోలియం ద్రవానికి బదిలీ అయింది. మన ఊళ్లలో కిరసనాయిలు బుడ్డి వెలిగే నాటికి ఆ మాట పుట్టిన చోటు చాలామందికి గుర్తులేదు.

ప్రక్రియలో ఏ దోషమూ లేకుండానే, కేవలం పక్కనే చౌకగా దొరికిన సరుకు వల్ల ఉష్ణవిచ్ఛేదన ద్రవం మార్కెట్టు కోల్పోవడం ఇది మొదటిసారి. స్కాట్లాండులో మాత్రం షేల్ నూనె పరిశ్రమ ఉపఉత్పత్తుల బలంతో 1962 దాకా ఈడ్చుకువచ్చింది.

4. భద్రావతి, 1923

రెండవసారి జరిగిన కథ మనకు దగ్గరలోనిది. మైసూరు సంస్థానంలో ఇనుప ఖనిజం ఉంది, అడవి ఉంది, కోకింగ్ బొగ్గు లేదు. 1912 నుంచి 1918 వరకు దివానుగా ఉన్న మోక్షగుండం విశ్వేశ్వరయ్య, భద్రావతిలో కట్టెబొగ్గుతో ఇనుము కరిగించే కర్మాగారాన్ని తలపెట్టారు. ఆయన ఇంటిపేరు ప్రకాశం జిల్లాలోని మోక్షగుండం నుంచి వచ్చినదే కాబట్టి తెలుగువారు ఆయనను తమవాడిగా చెప్పుకోవడం కద్దు. కర్మాగారపు తొలినాటి పేరు మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అది మైసూర్ వుడ్ డిస్టిలేషన్ అండ్ ఐరన్ వర్క్స్. ఇనుము కంటే ముందు కట్టె బట్టీ పేరులో చోటుచేసుకుంది.

ఈ పేరు యాదృచ్ఛికం కాదు. అంత అడవిని బొగ్గు చేస్తే, బొగ్గు ధరతోనే ఖర్చు గిట్టదు. మట్టిబట్టీలో గాలికి పోయే పొగను ఇనుప రిటార్టులలో పట్టి చల్లబరిస్తే పుల్లని ద్రవం వస్తుంది. దానిలోంచి స్పిరిటును వేరుచేసి, మిగిలిన ఆమ్లానికి సున్నం కలిపి ఎండబెడితే కాల్షియం ఎసిటేట్ వస్తుంది. తారు అడుగున ఉండనే ఉంది. బొగ్గు ఇనుముకు పోగా ఈ మూడింటి అమ్మకం కర్మాగారాన్ని నిలబెడుతుందన్నది లెక్క.

ఆ లెక్క వేసినప్పుడు అది తప్పు లెక్క కాదు. కాల్షియం ఎసిటేటును వేడిచేస్తే ఎసిటోన్ వస్తుంది. తుపాకీ మందుగా వాడే కార్డైటు తయారీకి ఎసిటోన్ తప్పనిసరి. నీలగిరులలోని అరవంకాడులో కార్డైటు కర్మాగారం ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల నుంచే ఉంది. ఒక టన్ను ఎసిటోన్ రావాలంటే 80 నుంచి 100 టన్నుల కట్టె బట్టీపెట్టాలని అప్పటి అంచనా. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ కొరత బ్రిటన్‌ను ఎంత ఇబ్బందిపెట్టిందంటే, మాంచెస్టర్‌లో పనిచేస్తున్న ఖైమ్ వైజ్‌మన్ రూపొందించిన, మొక్కజొన్న పిండిని బ్యాక్టీరియాతో పులియబెట్టే పద్ధతిని ప్రభుత్వం హుటాహుటిన చేపట్టింది. కట్టె ద్రవానికి తొలి దెబ్బ అది. అదే కాలంలో కార్బైడు నుంచి తీసిన ఎసిటిలీన్‌తో ఎసిటిక్ ఆమ్లం చేయడం జర్మనీలో, కెనడాలో మొదలైంది.

భద్రావతి కర్మాగారంలో ఉత్పత్తి 1923లో ప్రారంభమైంది. అదే 1923లో జర్మనీలోని లాయినా వద్ద బీఏఎస్ఎఫ్ సంస్థ కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వాయువులను అధిక పీడనంలో కలిపి మిథనాల్‌ను పారిశ్రామికంగా తయారుచేయడం ప్రారంభించింది. కట్టె స్పిరిటు ధర ప్రపంచమంతటా పడిపోయింది. ఒక కర్మాగారం ఏ సరుకుల భరోసాతో పుట్టిందో ఆ సరుకులలో ముఖ్యమైనదానికి అది పుట్టిన సంవత్సరంలోనే కాలం చెల్లింది. ఇనుము మిగిలింది, ఉక్కు చేరింది, నేడు ఆ సంస్థ విశ్వేశ్వరయ్య పేరుతో ఇనుము ఉక్కు కర్మాగారంగానే ప్రసిద్ధం. పేరులోని కట్టె బట్టీ రాలిపోయింది.

రెండో ప్రపంచయుద్ధకాలంలో పెట్రోలు కరువై తెలుగునాట నడిచిన బొగ్గు బస్సులను కొందరు ఈ చరిత్రలో చేర్చుతారు. అవి నడిచింది బొగ్గును పరిమితమైన గాలిలో కాల్చగా వచ్చిన వాయువుతో. అది వాయుకరణం, వేరే శాఖ.

తెలుగు ప్రాంతంలో అసలైన కొనసాగింపు హైదరాబాదులో కనిపిస్తుంది. నిజాం ప్రభుత్వం 1944లో నెలకొల్పిన కేంద్ర ప్రయోగశాలలు స్వాతంత్ర్యానంతరం ప్రాంతీయ పరిశోధనాలయంగా మారాయి. నేటి ఐఐసీటీ అదే. డా. సయ్యద్ హుసేన్ జహీర్ సంచాలకత్వంలో బొగ్గు ఆ సంస్థ ప్రధాన పరిశోధనాంశాలలో ఒకటయింది. సింగరేణి బొగ్గు కోకు కట్టదు కాబట్టి దానిని తక్కువ ఉష్ణోగ్రత వద్ద బట్టీపెట్టి పొగరాని వంటబొగ్గును, తారును తీయాలన్నది సంకల్పం. ఆ సంకల్పపు ఆనవాలు మంచిర్యాల పక్కన నస్పూరులో ఒక ఊరిపేరుగా మిగిలింది. అక్కడి వారు రోజూ పలికే సీసీసీ అన్న మూడు అక్షరాలు కోల్ కెమికల్ కాంప్లెక్స్‌కు పొడి రూపం. వంటబొగ్గు పోయి గ్యాసుబండ వచ్చింది. ఊరిపేరు ఉంది.

5. చమురు సంక్షోభం తరువాత

1973 నాటి చమురు సంక్షోభం పాత విద్యను మళ్లీ బయటికి తీసింది. ఈసారి దృష్టి మారింది. అంతకుముందు అందరికీ బొగ్గు ప్రధానం, ద్రవం ఉపఫలం. నెమ్మదిగా కాలిస్తే కట్టె బరువులో దాదాపు మూడో వంతు బొగ్గు, మూడో వంతు ద్రవం, మిగిలినది వాయువు. ద్రవంలో నీరే ఎక్కువ. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ స్కాట్, యాన్ పిస్కోర్జ్ 1980ల తొలినాళ్లలో చేసిన ప్రయోగాలు ఈ నిష్పత్తిని తలకిందులు చేశాయి. కట్టెను సన్నని పొడి చేసి, వేడి ఇసుక మరుగుతున్నట్టుగా ఎగిసే పాత్రలో దాదాపు 500 డిగ్రీల వద్ద వేసి, పుట్టిన ఆవిరిని రెండు సెకన్లలోపే బయటికి లాగి చల్లబరిస్తే పొడి కట్టె బరువులో 75 శాతం దాకా ద్రవం దక్కింది. రహస్యమంతా తొందరలో ఉంది. ఆవిరి వేడిలో ఇంకాసేపు ఉంటే మళ్లీ తెగి వాయువవుతుంది, లేదా బొగ్గుపొడిపై పేరుకుంటుంది.

ఇలా వచ్చిన ద్రవానికి స్థిరపడిన పేరే జీవతైలం. దాని గుణాలు చూద్దాం. నీరు 15 నుంచి 30 శాతం. ఆక్సిజన్ బరువులో మూడో వంతుకు మించి. కిలోకు 16 నుంచి 19 మెగాజౌళ్ల ఉష్ణం. బరువైన ఫర్నేసు నూనెకు అది 40 దాటుతుంది. ఆమ్లత్వం నిమ్మరసానికి దగ్గరగా ఉండి మామూలు ఇనుమును తినివేస్తుంది. డీజిలుతో కలవదు. నిల్వ ఉంచితే నెలల్లో చిక్కబడుతుంది. పెట్రోలియంలాగా మరిగించి భాగాలుగా విడదీద్దామంటే దాదాపు సగం పాత్ర అడుగున గట్టిపడి మిగులుతుంది. గ్లౌబర్ చూసిన వెనిగర్, బాయిల్ చూసిన స్పిరిటు, తారు ఇందులో కలగలిసి ఉన్నాయి. ఈ ద్రవాన్ని అందరికంటే ముందు లాభసాటిగా అమ్మింది ఇంధన వ్యాపారులు కాదు. మాంసానికి పొగవాసన పట్టించే ద్రవంగా కొనుక్కున్న ఆహార పరిశ్రమ.

ఈ గుణాలను చూసీ చూడనట్టు వదిలేసినచోట నష్టం వచ్చింది. కట్టె ముక్కలను ఉత్ప్రేరకంతో విచ్ఛేదించి నేరుగా పెట్రోలు, డీజిలుకు సమానమైన ఇంధనం చేస్తామన్న అమెరికా సంస్థ కియోర్, మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి 7.5 కోట్ల డాలర్ల రుణం తీసుకుని కొలంబస్ పట్టణంలో కర్మాగారం కట్టింది. చెప్పిన దిగుబడి రాలేదు. 2014 నవంబరులో దివాలా ప్రకటించింది. దానికి పక్కన నెదర్లాండ్స్‌లోని హెంగెలోలో 2015లో ప్రారంభమైన ఎంపైరో కర్మాగారాన్ని పెట్టి చూడాలి. అది గంటకు ఐదు టన్నుల కట్టెపొడిని విచ్ఛేదిస్తుంది. వచ్చిన ద్రవాన్ని పెట్రోలు చేయాలని ప్రయత్నించలేదు. ఒక పాల ఉత్పత్తుల కర్మాగారపు బాయిలరులో సహజవాయువుకు బదులు మండించడానికి ముందే ఒప్పందం చేసుకుంది. ద్రవాన్ని ఉన్నదున్నట్టుగా కొనేవాడు దొరికిన చోట అది నిలిచింది.

6. పెట్రోలియం తిరుగుదారి

ప్లాస్టిక్కు కథ దీనికి సమాంతరంగా, వేరే చోట్ల నడిచింది. పాలీఇథిలీన్ అంటే గట్టిపడిన పెట్రోలియం. దానిని వేడిచేస్తే మళ్లీ పెట్రోలియంలాంటి ద్రవం, మైనం రావడంలో వింత లేదు. ఆక్సిజన్ లేదు, నీరు లేదు, ఉష్ణం కిలోకు 40 మెగాజౌళ్లకు పైన. ఇది నీటిపై తేలుతుంది, దీపంలో వెలుగుతుంది. పాత కొలతల ప్రకారం చూసినా ఇది నూనే.

జర్మనీలోని హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో హాన్స్‌యోర్గ్ జిన్, వాల్టర్ కామిన్‌స్కీ 1970లలో ఇసుక పాన్పు రియాక్టరులో ఈ ప్రయోగాలు మొదలుపెట్టారు. బీఏఎస్ఎఫ్ సంస్థ 1994లో లుడ్‌విగ్స్‌హాఫెన్‌లో ఏడాదికి 15,000 టన్నుల స్థాయిలో ప్రయోగాత్మక కర్మాగారం నడిపింది. తరువాత 3,00,000 టన్నుల కర్మాగారం కట్టాలనుకుంది. ఏరిన ప్లాస్టిక్కు నిర్ణీత ధరకు, నిర్ణీత పరిమాణంలో, దీర్ఘకాలం అందుతుందన్న హామీ దొరకక 1996లో విరమించుకుంది. లాయినాలో కట్టె స్పిరిటును ఓడించిన సంస్థే డెబ్బై ఏళ్ల తరువాత రిటార్టు పక్షాన నిలబడి ముడిసరుకు దగ్గర ఓడిపోవడం ఈ చరిత్రలోని చిత్రమైన మలుపు. జపాన్‌లో సప్పొరో నగరంలో 2000లో మొదలైన పెద్ద కర్మాగారం కూడా పదేళ్ల తరువాత ఆగిపోయింది.

భారతదేశంలో డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ 2019లో రోజుకు ఒక టన్ను వ్యర్థ ప్లాస్టిక్కు నుంచి 800 లీటర్ల దాకా డీజిలు తీసే యూనిట్‌ను ప్రారంభించింది. అయితే దేశంలో ఉష్ణవిచ్ఛేదనం అనగానే సామాన్యులకు, కాలుష్య నియంత్రణ అధికారులకు గుర్తుకు వచ్చేది పాత టైర్లను కాల్చే యూనిట్లు. చల్లారకముందే రియాక్టరు మూత తెరవడం, బొగ్గుపొడి గాలిలో కలవడం, ప్రమాదాలు, వీటిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో వివాదాలు తెలిసినవే. ఒక ప్రక్రియకు వచ్చిన చెడ్డపేరు దాని పేరున్న అన్నింటికీ అంటుకుంది.

7. రెండూ ఒకే పాత్రలో

పంట వ్యర్థాన్ని, ప్లాస్టిక్కును కలిపి విచ్ఛేదించాలన్న ఆలోచన వెనుక ఒక చిన్న లెక్క ఉంది. 1980లలో మొబిల్ సంస్థ పరిశోధకులు ఒక పదార్థం ఇంధనానికి ఎంత తగినదో చెప్పే సూచిక ఇచ్చారు. అణువులోని హైడ్రోజన్ సంఖ్య నుంచి ఆక్సిజన్ సంఖ్యకు రెట్టింపు తీసివేసి కార్బన్ సంఖ్యతో భాగించాలి. ప్రతి ఆక్సిజన్ పోతూపోతూ రెండు హైడ్రోజన్లను నీరుగా పట్టుకుపోతుందని దీని భావం. సెల్యులోజు యూనిట్‌లో ఆరు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఐదు ఆక్సిజన్లు. పది నుంచి పది పోతే సున్నా. పాలీఇథిలీన్‌కు ఇదే లెక్క రెండు. బెంజీన్‌కు ఒకటి. సెల్యులోజు ఇంధనంగా మారాలంటే బయటి నుంచి హైడ్రోజన్ రావాలి. ప్లాస్టిక్కు దగ్గర అది మిగులు ఉంది. తరగతి గదిలో ఈ ఒక్క లెక్క వేసి చూపిస్తే సహవిచ్ఛేదనంపై వెలువడే వందల పరిశోధన పత్రాల ఉద్దేశం విద్యార్థికి అర్థమవుతుంది.

ఆచరణలో రెండూ ఒకే వేళకు తెగవు. హెమీసెల్యులోజు 220 డిగ్రీల నుంచి, సెల్యులోజు 315 డిగ్రీల నుంచి విచ్ఛిన్నమవుతాయి. పాలీఇథిలీన్ ముందుగా కరిగి, 400 డిగ్రీలు దాటితే గాని తెగదు. కరిగిన ప్లాస్టిక్కు కట్టెపొడిని ముద్దచేసి పాత్రలోనికి పంపే గొట్టాన్ని మూసివేయడం ప్రయోగశాలల్లో అనుభవమే. పరిస్థితులు అనుకూలిస్తే ప్లాస్టిక్కు హైడ్రోజన్ కొంత మొక్క భాగానికి చేరి ఆక్సిజన్ తగ్గుతుంది. లేకపోతే కింద నీటి పొర, పైన నూనె పొర వేరువేరుగా వస్తాయి. రెండో సందర్భంలో కలిపి కాల్చిన ప్రయోజనం తక్కువ.

మన పొలాల విషయంలో ఈ కలయిక ప్రయోగశాల ఊహ మాత్రమే కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మసేద్యం పథకం మొదలైనప్పటి నుంచి డ్రిప్ పైపులు, ఆ తరువాత మిరప, టమాటా, పుచ్చ సాళ్లలో మల్చింగ్ షీట్లు విస్తరించాయి. అవి పాలీఇథిలీన్. పంట అయ్యాక మిరపకట్టె, చినిగిన షీటు, అంటుకున్న మట్టి ఒకే కుప్పగా గట్టుమీద చేరతాయి. తరచుగా అక్కడే తగలబడతాయి. ఆ కుప్పలోనే బోరు నుంచి నీరు తెచ్చే పగిలిన పీవీసీ గొట్టాల ముక్కలూ ఉంటాయి. పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్. దాదాపు 300 డిగ్రీలకే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలి పాత్రను తినివేస్తుంది, ద్రవాన్ని చెడగొడుతుంది. కుప్పలో నల్ల షీటును, బూడిదరంగు గొట్టాన్ని వేరుచేసే మనిషి కూలి ఏ సాంకేతిక నివేదికలోనూ ప్రధాన అంశంగా కనబడదు. లుడ్‌విగ్స్‌హాఫెన్‌లో బీఏఎస్ఎఫ్ ఆగిపోయింది సరిగ్గా ఈ ఏరివేత, సరఫరా దగ్గరే.

8. ‘వ్యర్థం’ అనే మాట

నూనె అన్న మాటతో పాటు వ్యర్థం అన్న మాటనూ పరీక్షించాలి. వరిగడ్డి గడ్డివామిగా పేరుస్తే పశువుల మేత. పత్తికట్టె, కందికట్టె పొయ్యిలోకి, దడిలోకి పోయేవి. వేరుశనగ పొట్టు, ఊక ఇటుక బట్టీలకు, మిల్లు బాయిలర్లకు పోయేవి. కోత యంత్రం వచ్చి గడ్డిని మడిలోనే చెల్లాచెదురుగా వదిలినప్పుడు, వంటగ్యాసు వచ్చి కట్టె అవసరం తగ్గినప్పుడు ఇవి వ్యర్థమయ్యాయి. ఆ స్థితి శాశ్వతం కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊక, జీవద్రవ్యం ఇంధనంగా చిన్న విద్యుత్ కేంద్రాలు వరుసగా వెలిసినప్పుడు, ఉచితంగా దొరుకుతుందనుకున్న ఊకకు ధర పుట్టింది. ఆ ధర పెరిగేకొద్దీ కేంద్రాలు చిక్కుల్లో పడ్డాయి. కొనేవాడు వచ్చిన మరుక్షణం వ్యర్థం సరుకవుతుంది. ఉచిత ముడిసరుకు అన్న అంకెతో మొదలయ్యే ప్రతి ప్రాజెక్టు నివేదికనూ ఈ అనుభవంతో చదవాలి.

గడ్డికీ కట్టెకీ ఉన్న తేడా కూడా నివేదికల్లో తరచుగా చెరిగిపోతుంది. 75 శాతం దిగుబడి అన్నది శుభ్రమైన కట్టెపొడికి వచ్చిన అంకె. కట్టెలో బూడిద ఒక శాతం లోపే. వరిగడ్డిలో పది శాతానికి పైన, ఊకలో 15 నుంచి 20 శాతం. గడ్డి బూడిదలోని పొటాషియం ఆవిరిని మళ్లీ తెంపి నీరుగా, వాయువుగా మారుస్తుంది. ద్రవం బాగా తగ్గుతుంది. కెనడా కట్టె అంకెను కృష్ణా డెల్టా గడ్డికి అంటించడం చెల్లదు.

9. పేరు గురించి ఒక ప్రతిపాదన

2016 నాటి ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలు, మళ్లీ వాడుకకు రాని ప్లాస్టిక్కును రోడ్లకు, శక్తి ఉత్పత్తికి, నూనె తీయడానికి వినియోగించేలా స్థానిక సంస్థలు ప్రోత్సహించాలన్నాయి. ప్లాస్టిక్కు విషయంలో అక్కడి నూనె అన్న మాట రసాయనశాస్త్రరీత్యా సరైనదే. అదే మాటను పత్తికట్టె ద్రవానికి వాడిన ప్రతిపాదనలను చదివే అధికారి, బ్యాంకు మేనేజరు, రైతు ఉత్పత్తిదారుల సంఘం అధ్యక్షుడు డీజిలు ఇంజనునే ఊహించుకుంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం ఈ సరుకుకు నిర్దేశాలు రాసినప్పుడు, డి7544 ప్రమాణంలో, నూనె అనకుండా ఉష్ణవిచ్ఛేదన ద్రవం అన్న అర్థమిచ్చే పేరునే ఎంచుకుంది.

తెలుగులో పారిభాషిక పదాలు ఇంకా స్థిరపడని దశలో ఉన్నాము కాబట్టి దిద్దుకునే వీలు ఉంది. మొక్కల నుంచి వచ్చినదానికి ‘జీవద్రవం’ లేదా ‘కట్టెద్రవం’ అని, ప్లాస్టిక్కు నుంచి వచ్చినదానికి ‘ప్లాస్టిక్ నూనె’ అని, రెండింటినీ కలిపి తీసినదానికి పైపొర, కిందిపొర విడివిడిగా పేర్కొంటూ ‘మిశ్రమ ద్రవం’ అని పాఠ్యపుస్తకాలలో, పరిశోధన గ్రంథాలలో వాడవచ్చు. ‘జీవతైలం’ అన్న మాటను పాతాళయంత్రం ద్వారా కారే ఔషధ తైలాలకు, అందులోనూ నల్లజీడి వంటివాటికి, వదిలిపెట్టవచ్చు. కొబ్బరిచిప్ప తైలం ఏ వరుసలోకి వస్తుందో ఆయుర్వేద పండితులు, రసాయనశాస్త్ర అధ్యాపకులు కలిసి తేల్చవలసిన విషయం.